పేగు మంటకి ఉప్పు తంటా!

పోయినవారం బొబ్బిలి నుంచి ఒక చెల్లి మెసేజ్ పెట్టింది. డిగ్రీ రెండో సంవత్సరం. ఆర్నెల్ల క్రితం అల్సరేటివ్ కొలైటిస్ అని తేలిందట.

"అన్నయ్యా, ఆవకాయ మానేశాను. అప్పడాలు, వడియాలు మానేశాను. ఇప్పుడు ఒక రీల్‌లో ఎవరో ఉప్పు తింటే పేగులో మంట పెరుగుతుందని చెప్పారు. అప్పట్నుంచి అమ్మ నా కూర ఉప్పు లేకుండా వేరేగా వండుతోంది. రెండు ముద్దలు కూడా దిగట్లేదు. నిజంగా మానెయ్యాలా?"

మానెయ్యి అనో, తినెయ్ అనో ఒక్క మాటలో చెప్పేస్తే హాయిగా ఉంటుంది. కానీ చెప్పలేను. ఎందుకంటే ఇదే ప్రశ్నకి తప్పు జవాబు పట్టుకుని వేలాడి, సిరిమానోత్సవం రోజున మూడు లాంతర్ల దగ్గర అంత జనం మధ్య కుప్పకూలినవాణ్ని నేను. ఈవారం ఆ కథే.

కొత్తగా చదువుతున్నవాళ్ల కోసం ముందు రెండు ముక్కలు. ఐబీడీ అంటే పేగు లోపలి గోడ వాచి, పుండ్లు పడి, ఏళ్ల తరబడి తగ్గుతూ పెరుగుతూ ఉండే జబ్బు. ఇందులో ముఖ్యమైనవి రెండు. అల్సరేటివ్ కొలైటిస్ పెద్దపేగుకి వస్తుంది. క్రోన్స్ నోటి నుంచి మలద్వారం దాకా ఎక్కడైనా రావచ్చు. ఐబీఎస్ అని ఇంకోటి ఉంది. పేరులో ఒక్క అక్షరమే తేడా గానీ అది వేరే సంగతి, అందులో పేగుకి పుండ్లు పడవు. "ఇది పట్నం జబ్బు, పిజ్జాలు తినేవాళ్ల జబ్బు" అని కొట్టిపారేసే బాబాయిలు మీ ఇంట్లోనూ ఉంటే ఒక మాట చెప్పండి. హైదరాబాద్‌లోని ఏఐజీ హాస్పిటల్స్ డాక్టర్లు పేగు ఇబ్బందులున్న 30 వేల మందికి పైగా పరీక్షలు చేసి, 2023లో ఫలితాలు ప్రచురించారు. పల్లెటూరి వాళ్లలోనూ పట్నం వాళ్లలోనూ ఈ జబ్బు ఇంచుమించు ఒకే స్థాయిలో కనిపించింది.

డాక్టరు చెప్పింది ఒకటి, మేం విన్నది ఒకటి

నాకు జబ్బు బయటపడ్డప్పుడు ఇరవై నాలుగేళ్లు. రోజుకి ఎనిమిది సార్లు బాత్రూమ్, ప్రతిసారీ నెత్తురు. విశాఖలో కొలొనోస్కోపీ చేయించాక డాక్టరుగారు ప్రెడ్నిసలోన్ మాత్రలు రాశారు. అది స్టెరాయిడ్. వారంలో నెత్తురు ఆగింది. నెలకి మొహం గుండ్రంగా పూరీలా పొంగింది. గంటస్తంభం దగ్గర పాత క్లాస్‌మేట్ కనబడితే నన్ను గుర్తుపట్టక పక్కనుంచి వెళ్లిపోయాడు.

ఇంటికొస్తే నాయనమ్మ ఎదురొచ్చి, "ఒరే, మొకం అలాగుబ్బిపోనాదేటిరా?" అని కంగారుపడింది.

మొహం అలా మారడానికి ఒక కారణం, స్టెరాయిడ్ వల్ల ఒంట్లో కొవ్వు చోటు మారడం. ఇంకో కారణం ఉప్పు. ప్రెడ్నిసలోన్ వాడుతుంటే కిడ్నీలు సోడియంని బయటికి పోనివ్వకుండా పట్టి ఉంచుతాయి. సోడియం ఎక్కడుంటే నీరు అక్కడ చేరుతుంది. కాళ్లు వాస్తాయి, బీపీ పెరుగుతుంది. అదే సమయంలో పొటాషియం మాత్రం మూత్రంలో పోతుంటుంది. ఇంకోటి, స్టెరాయిడ్ ఎముకల్ని గుల్ల చేస్తుంది. ఉప్పు ఎక్కువ తింటే కాల్షియం కూడా మూత్రంలో ఎక్కువ పోతుంది. అంటే ఒకే ఎముకకి రెండు దెబ్బలు. అందుకే డాక్టరుగారు "ఉప్పు తగ్గించాలి" అన్నారు. ఆ మాట నూటికి నూరుపాళ్లూ సరైనదే.

అయితే చీటీ మీద ఆయన రాసింది అంతే కాదు. "ఈ మాత్రలు వాడినన్నాళ్లు ఉప్పు తక్కువ" అని రాశారు. మేం ఇంటికొచ్చి గుర్తుపెట్టుకుంది చివరి రెండు ముక్కలే. 

అమ్మ ఆ రోజే ఉప్పు డబ్బా తీసి అటకమీద పెట్టేసింది. నాకొక్కడికే చప్పిడి వండితే నేను బాధపడతానని ఇంటిల్లిపాదికీ చప్పిడే. నాన్న రెండు రోజులు ఓర్చుకుని, మూడో రోజు నుంచి టిఫిన్ బయట తినడం మొదలెట్టారు. నాయనమ్మ మాత్రం పోరాడింది. ఆవిడ పుట్టిల్లు నౌపడ పక్క పల్లె. అక్కడ ఉప్పు మడుల్లో పనిచేసి పెరిగిన మనిషి. "ఉప్పునేని కూడు కూడేటే? ఎండలో సెమటోడ్సినోడికి ఉప్పుండాల. ఒంట్లోంచి నీరెల్లిపోతే దాంతోపాటు ఉప్పూ ఎల్లిపోద్ది" అనేది. మడిలో పనికి వెళ్లే ముందు తరవాణిలో ఉప్పు వేసుకు తాగేవాళ్లమని చెప్పేది. మేమెవరం వినలేదు. ఆవిడ చదువుకోలేదు కదా, మేం రీల్స్ చూస్తాం కదా!

మూడు నెలలకి మాత్రలు మెల్లగా తగ్గించి ఆపేశారు. మొహం మామూలైంది. ఉప్పు డబ్బా మాత్రం అటక దిగలేదు.

సిరిమాను రోజు

మరుసటి ఏడాది దసరాకి ముందు జబ్బు మళ్లీ తిరగబెట్టింది. నెత్తురు కొంచెమే గానీ నీళ్ల విరేచనాలు రోజుకి తొమ్మిది, పది. పండగ అయ్యాక డాక్టరు దగ్గరికి వెళ్దాంలే అనుకున్నాను. ఇది నా మొదటి తప్పు. డీహైడ్రేషన్ రాకూడదని రోజుకి నాలుగు లీటర్ల మంచినీళ్లు, మూడేసి కొబ్బరి బొండాలు. తిండి మజ్జిగన్నం, అదీ ఉప్పు లేకుండా. ఉప్పు తింటే మంట పెరుగుతుందని ఎక్కడో చదివి ఇంకా గట్టిగా పట్టుకున్నాను. ఇది రెండో తప్పు, పెద్దది.

మన ఊరివాళ్లకి చెప్పక్కర్లేదు. విజయదశమి తర్వాత వచ్చే మంగళవారం పైడితల్లి అమ్మవారి సిరిమాను. చదురుగుడి నుంచి కోట దాకా మూడుసార్లు తిరుగుతుంది. చింతమాను చివర పూజారిగారు కూర్చుని ఉంటే కింద ఇసకేస్తే రాలని జనం. చిన్నప్పట్నుంచీ ఒక్క ఏడూ మానలేదు, ఆ ఏడూ వెళ్లాను. పొద్దున్నుంచే తలనొప్పి, పిక్కలు పట్టేస్తున్నాయి. సిరిమాను కదిలింది, జనం ఒక్కసారి "జై పైడిమాంబ" అన్నారు. ఆ అరుపు దూరం నుంచి వినబడినట్టు వినబడింది. తర్వాత కళ్లు తెరిస్తే ఒక అరుగు మీద ఉన్నాను. ఎవరో పెద్దాయన మొహాన నీళ్లు కొడుతున్నారు. 

ఊళ్లోనే ఒక ఆసుపత్రిలో రక్తపరీక్ష చేశారు. సోడియం 126. ఉండాల్సింది 135 నుంచి 145. డ్యూటీ డాక్టరమ్మ సెలైన్ పెట్టి, "ఏం తింటున్నావు? ఏం తాగుతున్నావు?" అని అడిగారు. గర్వంగా చెప్పాను, "ఉప్పు ఏడాది నుంచి ముట్టుకోలేదు మేడమ్" అని. ఆవిడ పెన్ను పక్కన పెట్టి నా వైపు ఒక చూపు చూశారు. ఆ చూపు ఇప్పటికీ గుర్తుంది.

తర్వాత అమ్మకి ఆవిడ చెప్పింది ఇదీ. పెద్దపేగు పని నీటినీ ఉప్పునీ వెనక్కి పీల్చుకోవడం. దాని గోడ వాచిపోతే పీల్చుకోలేదు. ప్రతి విరేచనంలో నీళ్లతోపాటు సోడియం కూడా పోతుంది. పోయింది ఉప్పునీరు, నింపింది మంచినీరు. దాంతో రక్తంలో సోడియం పల్చబడిపోయింది. సోడియం బాగా పడిపోతే తలతిరగడం దగ్గరే ఆగదు, ఫిట్స్ దాకా వెళ్లొచ్చు. 

వార్డు బయట అమ్మ గోడకి ఆనుకుని కూర్చుని, "నానే సంపేద్దును కదా నిన్ను" అని ఏడ్చింది. ఆమె చేసిన తప్పేం లేదు. డాక్టరు చెప్పిందే చేసింది, గడువు దాటాక కూడా చేసింది, అంతే. నాయనమ్మ మాత్రం ఏమీ అనలేదు. "నాన్ముందే సెప్నాను" అని ఒక్కసారి కూడా అనకపోవడమే ఆవిడ గొప్పతనం.

మరి ఎలకల సంగతేంటి?

రీల్‌లో వాళ్లు చెప్పేది పూర్తిగా గాలి కబురు కాదు. 2013లో నేచర్ పత్రికలో రెండు పరిశోధనలు వచ్చాయి. ఉప్పు ఎక్కువైతే టీహెచ్-17 అనే రకం రోగనిరోధక కణాలు పెరిగి, మంటని ఎగదోస్తాయని వాటి సారాంశం. తర్వాత ఉప్పు దట్టించిన తిండి పెట్టిన ఎలకల్లో కొలైటిస్ ముదిరినట్టు కూడా చూశారు. 2017లో అదే పత్రికలో ఇంకోటి వచ్చింది. ఎక్కువ ఉప్పు ఎలకల పేగులో లాక్టోబాసిల్లస్ అనే మంచి బ్యాక్టీరియాని తగ్గిస్తుందని.

అయితే ఆ ఎలకలు తిన్న ఉప్పు మనం కూరలో వేసుకునే లెక్క కాదు, దానికి ఎన్నో రెట్లు. మరి మనుషుల్లో? అమెరికాలో దాదాపు 2 లక్షల మంది నర్సుల తిండిని ఏళ్ల తరబడి గమనించి 2016లో లెక్క తేల్చారు. ఎక్కువ సోడియం తిన్నవాళ్లకి క్రోన్స్ గానీ కొలైటిస్ గానీ ఎక్కువ వచ్చినట్టు తేలలేదు. పొటాషియం ఎక్కువ తిన్నవాళ్లలో మాత్రం క్రోన్స్ తక్కువగా కనిపించింది.

ఇంకోటి మనకి మరీ దగ్గరిది. 2021లో బీఎంజే పత్రికలో వచ్చింది. ఇండియాతో కలిపి 21 దేశాల్లో లక్షా 16 వేల మందిని గమనించారు. ఫ్యాక్టరీలో తయారై ప్యాకెట్లో వచ్చే తిండి రోజుకి 5 సార్లు, ఆపైన తిన్నవాళ్లకి, రోజుకి ఒక్కసారి కంటే తక్కువ తిన్నవాళ్లతో పోలిస్తే ఐబీడీ ముప్పు ఇంచుమించు 1.8 రెట్లు ఉంది. ఉప్పగా ఉండే చిప్స్ లాంటి చిరుతిళ్లు, కూల్‌డ్రింకులు విడివిడిగా చూసినా ముప్పు ఎక్కువే. ఇది జబ్బు రాకముందు సంగతి అని గుర్తుంచుకోండి. పైగా దోషం అందులోని ఉప్పుదా, మిగతా సరుకులదా అన్నది ఇది తేల్చలేదు. అయినా నాకు అర్థమైంది ఒకటుంది. అమ్మ చేతి పప్పులోని ఉప్పుని అనుమానించే ముందు, జేబులోని ప్యాకెట్‌ని అనుమానించాలి.

ప్యాకెట్ వెనక్కి తిప్పండి

ప్రపంచ ఆరోగ్య సంస్థ ప్రకారం పెద్దవాళ్లకి రోజుకి ఉప్పు 5 గ్రాముల లోపే ఉండాలి. సమంగా కొట్టిన ఒక టీస్పూను. ప్రపంచంలో సగటున తింటున్నది 10.8 గ్రాములు, అంటే రెట్టింపు. ఈ 5 గ్రాముల హద్దు పేగు జబ్బు కోసం పెట్టింది కాదు, బీపీ, గుండె కోసం పెట్టింది. కానీ జబ్బు అదుపులో ఉన్న ఐబీడీవాళ్లకి కూడా మామూలు మనిషికి ఉన్న హద్దే సరిపోతుంది.

ప్యాకెట్ మీద ఉప్పు అని రాయరు, సోడియం అని రాస్తారు. దాన్ని రెండున్నరతో గుణిస్తే ఉప్పు వస్తుంది. 100 గ్రాములకి సోడియం 1000 మిల్లీగ్రాములు అని ఉందనుకోండి. 70 గ్రాముల నూడుల్స్ ప్యాకెట్ తింటే 700 మిల్లీగ్రాములు. రెండున్నర రెట్లు వేస్తే 1.75 గ్రాముల ఉప్పు. రాత్రి పదకొండుకి సరదాగా తిన్న ఒక్క ప్యాకెట్‌తో రోజు కోటాలో మూడో వంతు దాటిపోయింది.

మన తిండిలో ఉప్పు దాక్కునే చోట్లు మనకి తెలిసినవే. ఆవకాయ, ఊరమిరపకాయలు, అప్పడం, ఎండు నెత్తళ్లు, ఉప్పుచేప. జబ్బు అదుపులో ఉంటే పండక్కి ఆవకాయ బద్ద ఒకటి తిన్నంత మాత్రాన కొంప మునగదు. నాకైతే దాంట్లో కారమే ఎక్కువ ఇబ్బంది పెడుతుంది, మీకెలా ఉంటుందో మీరే చూసుకోవాలి. ఇక పింక్ సాల్ట్, సైంధవ లవణం పేగుకి మంచివని అమ్ముతారు. అవి కూడా దాదాపు అంతా సోడియం క్లోరైడే. పైగా అయోడిన్ కలపని రకాలైతే అదీ పోతుంది.

కొబ్బరినీళ్లు మంచివే, కానీ ఓఆర్ఎస్ కాదు

విరేచనాలు పెరిగినప్పుడు కావాల్సింది ఓఆర్ఎస్. పేగు గోడలో ఒక తలుపు లాంటిది ఉంటుంది. సోడియం, గ్లూకోజ్ రెండూ జతగా వస్తేనే అది తెరుచుకుని లోపలికి తీసుకుంటుంది, వాటి వెనకే నీరు వెళ్తుంది. కొలైటిస్‌లో పాడయ్యేది పెద్దపేగు కాబట్టి, చిన్నపేగులోని ఈ తలుపు మామూలుగానే పనిచేస్తుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్కలో తయారైన ప్యాకెట్‌లో 20.5 గ్రాముల పొడి ఉంటుంది, అందులో ఉప్పు 2.6 గ్రాములు. దాన్ని సరిగ్గా ఒక లీటరు నీళ్లలో కలపాలి. అర లీటరులో కలిపినా, రెండు లీటర్లలో కలిపినా లెక్క తప్పుతుంది. ప్యాకెట్ దొరక్కపోతే లీటరు నీళ్లకి సమంగా కొట్టిన ఆరు టీస్పూన్ల పంచదార, అర టీస్పూను ఉప్పు. 

కొబ్బరినీళ్లలో పొటాషియం దండిగా ఉంటుంది, సోడియం మాత్రం చాలదు. నేను బోల్తా పడింది అక్కడే. 

ఓఆర్ఎస్ అని పేరు పెట్టుకున్న తీపి డ్రింకుల సంగతి మీకు తెలిసే ఉంటుంది. హైదరాబాద్ పిల్లల డాక్టరు శివరంజని సంతోష్‌గారు వాటి మీద ఎనిమిదేళ్లు పోరాడారు. చివరికి 2025 అక్టోబరులో ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ, అసలైన లెక్క లేని డ్రింకుల మీద ఆ పేరు వాడకూడదని ఆదేశించింది. మెడికల్ షాపులో అడిగేటప్పుడు "డబ్ల్యూహెచ్ఓ ఫార్ములా" అని చూసి తీసుకోండి.

ఆపరేషన్‌లో పెద్దపేగు తీసేసి, పొట్ట మీద సంచి పెట్టించుకున్నవాళ్ల సంగతి ఇంకా వేరు. నా ఫ్రెండ్ వాళ్ల బావకి అలాగే పెట్టారు. ఆయనకి డాక్టర్లు "తిండిలో ఉప్పు కాస్త ఎక్కువే వేసుకో, సంచిలోకి ఎక్కువ పోతుంటే ఉత్త మంచినీళ్లు తెగ తాగకు" అని చెప్పారు. ఉప్పుని పీల్చుకునే పెద్దపేగే లేదు కదా మరి. ఒకే జబ్బు. నాకు స్టెరాయిడ్ వాడినప్పుడు తక్కువ ఉప్పు, ఆయనకి ఎక్కువ ఉప్పు. రెండూ సరైన మాటలే.

ఉద్దానం వైపు వాళ్లు ఒక్క నిమిషం

కవిటి, సోంపేట, ఇచ్ఛాపురం, పలాస వైపు చదివేవాళ్లకి ఒక మాట విడిగా చెప్పాలి. ఉద్దానంలో కిడ్నీ జబ్బు ఎంతమందిని తినేసిందో మనకి తెలుసు. కిడ్నీ బలహీనంగా ఉంటే ఉప్పు లెక్కా, పొటాషియం లెక్కా రెండూ మారిపోతాయి. "లో సోడియం సాల్ట్" అని అమ్మే దాంట్లో సోడియం కొంత తీసేసి పొటాషియం క్లోరైడ్ కలుపుతారు. మామూలు ఇళ్లలో దాన్ని వాడొచ్చని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2025 జనవరిలో చెప్పింది, కానీ కిడ్నీ దెబ్బతిన్నవాళ్లకి ఆ సలహా వర్తించదని కూడా చెప్పింది. వాళ్ల రక్తంలో పొటాషియం పెరిగితే గుండె లయ తప్పుతుంది. ఐబీడీకి వాడే మెసాలమిన్ కూడా అరుదుగా కిడ్నీని ఇబ్బంది పెడుతుంది. అందుకే క్రియాటినిన్ పరీక్ష చేయించుకోకుండా ఉప్పు మార్చొద్దు, పెంచొద్దు. ఒళ్లు నొప్పులని డైక్లోఫినాక్ లాంటి మాత్రలు సొంతంగా మింగొద్దు. అవి కిడ్నీకీ చేటు, పేగుకీ చేటు.

చెల్లీ, నీకు నా జవాబు

ఉప్పు తినాలా వద్దా అని కాదు, "ఇప్పుడు నా పేగు ఏ స్థితిలో ఉంది, ఏ మందు వాడుతున్నాను" అని అడగాలి.

స్టెరాయిడ్ మీద ఉన్నావా? ఉప్పు తగ్గించు. మాత్రలు ఆపిన రోజున "ఇక మామూలుగా తినొచ్చా?" అని డాక్టర్ని అడిగి, ఆ జవాబు చీటీ మీద రాయించుకో. మాత్రలు మాత్రం నీ అంతట నువ్వు ఆపకు.

నీళ్ల విరేచనాలు అవుతున్నాయా? ఓఆర్ఎస్ తాగు, చప్పిడి పట్టుకోకు. లేచి నిలబడితే కళ్లు తిరిగినా, మూత్రం తగ్గినా, రోజుకి ఆరుసార్లు, ఆపైన నెత్తురు విరేచనాలైనా, జ్వరం వచ్చినా, పండగ ఉన్నా పరీక్ష ఉన్నా అదే రోజు ఆసుపత్రికి వెళ్లు. నాలా వాయిదా వెయ్యకు.

జబ్బు అదుపులో ఉండి, బీపీ, కిడ్నీ ఇబ్బందులు లేవా? ఇంట్లో అందరికీ వండిన కూరే తిను. ఉప్పు టీస్పూను దాటకుండా చూసుకో. కోత ఎక్కడైనా పెట్టాలంటే ప్యాకెట్ల దగ్గర పెట్టు. రెండు ముద్దలు కూడా దిగక బరువు తగ్గిపోవడం ఆ చిటికెడు ఉప్పు కంటే ప్రమాదం. ఈ జబ్బులో ఒంట్లో బలం నిలుపుకోవడమే సగం వైద్యం.

ఈ కాలమ్ మీ అమ్మకి కూడా చదివి వినిపించు. ఆవిడ భయం నాకు తెలుసు.

మా ఇంట్లో ఉప్పు డబ్బా ఇప్పుడు పొయ్యి పక్కనే ఉంది. పక్కన ఒక టీస్పూను, ఫ్రిజ్ మీద మాగ్నెట్ కింద డాక్టరు చీటీ. ఈసారి అమ్మ చీటీ మొత్తం చదివింది, "వాడినన్నాళ్లు" అన్న మాట కింద ఎర్రపెన్నుతో గీత కూడా గీసింది. నాన్న మళ్లీ టిఫిన్ ఇంట్లోనే తింటున్నారు. నాయనమ్మ రోజూ మధ్యాహ్నం మజ్జిగలో చిటికెడు వేసి నా చేతికిచ్చి, నేను తాగేదాకా ఎదురుగా నిలబడుతుంది.

"సరిపోనాదేటి?" అని అడుగుతుంది.

సరిపోయింది నాయనమ్మా.